మీటరులో ఎర్ర అలలు ఎన్ని?

మీటరుకు మిల్లీమీటర్లు ఎన్నంటే బడిపిల్లలు ఠక్కున వెయ్యి అంటారు. రెండూ మనం ఏర్పరచుకున్నవే కనుక సున్నాలు చేర్చుకుంటూ పోతే లెక్క తేలిపోతుంది. కాడ్మియం ఆవిరి వెలిగినప్పుడు వచ్చే ఎర్రకాంతి అల మాత్రం మనం పెట్టిన కొలత కాదు. మిల్లీమీటరులో అలాంటివి పదిహేను వందల యాభైకి పైగా ఇముడుతాయి. మరి మీటరులో సరిగ్గా ఎన్ని? 1892–93లో భౌతిక శాస్త్రవేత్త ఆల్బర్ట్ మైకెల్సన్ పారిస్ దగ్గర సెవ్ర్‌లో, అంతర్జాతీయ తూనికలు కొలతల సంస్థలో ఉండి ఈ లెక్క తేల్చాడు. అప్పట్లో మీటరంటే అక్కడ భద్రపరచిన ప్లాటినం–ఇరిడియం కడ్డీ మీది రెండు సన్నని గీతల మధ్య దూరం.

ఆయన పరికరంలో కాంతి రెండు పాయలుగా చీలి, రెండు దారుల్లో వెళ్లి, అద్దాలకు తగిలి తిరిగొచ్చి కలుస్తుంది. కలిసినచోట వెలుగు చీకటి చారలు కనిపిస్తాయి. ఒక అద్దాన్ని అర అలంత జరిపితే ఒక చార దాటిపోతుంది. అలాగైతే మీటరు పొడవునా చారలు లెక్కపెడితే సరిపోదా? లెక్కపెట్టాల్సినవి ముప్పై ఒక్క లక్షలు. ఆ ఓపిక ఉన్నా, దూరం పది సెంటీమీటర్లు దాటిందంటే కాడ్మియం చారలు కూడా మసకబారతాయి. వేరే కాంతి వాడదామంటే, సోడియం పసుపు కాంతి అసలు ఒక్క అల కాదు, జంట. ఎన్నో కాంతులను పరీక్షించిన తర్వాతే కాడ్మియం ఎరుపు మీద ఆయన చూపు నిలిచింది.

అసలు పనితనం ఇక్కడినుంచి మొదలవుతుంది. మైకెల్సన్ తొమ్మిది ఎటలాన్లు చేయించాడు. ఎటలాన్ అంటే ఒకదాని వెనక ఒకటిగా, సమాంతరంగా రెండు వెండిపూత అద్దాలు బిగించిన కంచు దిమ్మె. ఆ అద్దాల మధ్య ఎడమే దాని కొలత. అన్నిటికన్నా చిన్నది సుమారు 0.39 మిల్లీమీటర్లు. తర్వాతది దానికి రెట్టింపు, ఆ తర్వాతది దానికి రెట్టింపు. సోల, తవ్వ, మానిక, అడ్డ, కుంచం వరస లాంటిదే. ఎనిమిది రెట్టింపులకు పది సెంటీమీటర్లు వచ్చేస్తుంది. మొదటినుంచి చివరిదాకా చారలు లెక్కపెట్టింది చిన్నదానికి మాత్రమే, అవి పన్నెండు వందల పైచిలుకు.

తర్వాత చిన్నదాన్ని, దాని పైదాన్ని పక్కపక్కన పెట్టి ముందు అద్దాలు ఒకే వరసలోకి తెస్తాడు. వరస కుదిరిందో లేదో తెల్లకాంతి చెబుతుంది, ఎందుకంటే దాని రంగుల చారలు రెండు దారులూ సమానమైనప్పుడే కనిపిస్తాయి. చిన్నదాన్ని సరిగ్గా దాని పొడవంత వెనక్కి జరిపి మళ్లీ చూస్తే, పెద్దదాని వెనక అద్దానికి తేడా కొద్ది చారలే. పూర్ణ సంఖ్య రెట్టింపు నుంచి వస్తుంది, భిన్నాన్ని మళ్లీ కొత్తగా కొలుస్తాడు. చిన్న మెట్టులో దొర్లిన పొరపాటు పై మెట్టుకు ఎక్కకుండా కాపాడేది ఆ కొత్త కొలతే. నాకు ఈ ఏర్పాటులో అన్నిటికన్నా ముచ్చట గొలిపేది ఇదే.

అంతటితో ఊరుకోలేదు. ఎరుపుతో పాటు కాడ్మియం ఆకుపచ్చ, నీలం కాంతులతోనూ భిన్నాలు కొలిచాడు. పూర్ణ సంఖ్య ఒక్కటి తప్పినా మూడు రంగుల భిన్నాలూ ఒకేసారి పొసగవు. చివరికి పది సెంటీమీటర్ల ఎటలాన్‌ను పదిసార్లు అడుగులు వేయించి, దాని మీది గీతను సూక్ష్మదర్శినితో మీటరు కడ్డీ గీతలకు సరిచూశారు.

ఎరుపుకు 15,53,163.5 అలలు, ఆకుపచ్చకు 19,66,249.7, నీలానికి 20,83,372.1 వచ్చాయి. ఈ అంకెలు 15 డిగ్రీల సెల్సియస్‌లో, మామూలు పీడనం ఉన్న గాలిలోనివి. అది చెప్పకపోతే అంకెకు అర్థం లేదు, గాలి మారితే అల పొడవూ మారుతుంది.

సెవ్ర్‌లో మైకెల్సన్‌తో కలిసి పనిచేసిన బెన్వా, మరో ఇద్దరు ఫ్రెంచి శాస్త్రవేత్తలు ఫాబ్రీ, పెరోలతో కలిసి 1906లో వేరే పద్ధతిలో మళ్లీ కొలిచాడు. ఎరుపుకు 15,53,164.13 వచ్చింది. రెంటికీ తేడా ఒక అలంత కూడా లేదు. 1960లో మీటరును అలల్లోనే నిర్వచించారు. ఈసారి క్రిప్టాన్–86 నారింజ ఛాయ కాంతి, 16,50,763.73 అలలు. సెవ్ర్ కడ్డీ ప్రమాణ హోదా దాంతో ముగిసింది.