వృషభశిరస్సు: సైకిలు భాగముల శ్లేష

పాబ్లో పికాసో 1942వ సంవత్సరమున పారిసునందు కూర్చిన వృషభశిరస్సునకు ఉపకరణములు రెండే. పాత సైకిలు యొక్క తోలుసీటు మొన క్రిందికి వ్రాలి ముఖమైనది. హ్యాండిలు దానిపై నిలిచి కొమ్ములైనది. శిల్పి చెక్కినది లేదు, మలచినది లేదు. ఇట్టిదానిని శిల్పమనుట యుక్తమా యని శంక పొడముట సహజము.

కవియు శబ్దములను సృజింపడు. అవి నిఘంటువులందును లోకవ్యవహారమునందును ముందే కలవు. ఏ పదము నేపదము సరస నిలిపిన అపూర్వార్థము స్ఫురించునో యెఱుగుటయే ప్రతిభ. పాతసామానులలో పడియున్న యీ రెంటిని జతపఱచిన చూపును అట్టిదే.

అయిన నిది యే యలంకారము? రూపకమని తోచును గాని, అంతటితో తృప్తి కలుగదు. 'ముఖచంద్రుడు' అన్నప్పుడు ముఖమే ప్రకృతము. చంద్రుడు దాని శోభకై వచ్చినవాడు. ఇచ్చట వృషభమును చూచుచుండగనే సీటు కనబడును. సీటును గుర్తించినంతనే వృషభము మరల తలయెత్తును. ఒక్క రూపమున రెండర్థములు సమప్రాధాన్యమున వెలుగుటచే దీనికి శ్లేషయే తగిన పేరు. అందును పదమును విఱువని అభంగశ్లేష. సీటుగాని హ్యాండిలుగాని తన యాకృతిని కోలుపోలేదు.

పర్యాయపదమును నిలిపినంతనే చెడునది శబ్దాలంకారమనియు, చెడనిది అర్థాలంకారమనియు మమ్మటుని నిర్ణయము. ఈ పరీక్ష యిచ్చట మిక్కిలి యుపకరించును. పికాసో తన కృతిని కంచున పోతపోయించెను. కంచు భిన్నవస్తువుల కేకత్వ మొసగును. తోలునకును లోహమునకును గల భేదము మాయమై, వృషభము ప్రబలి సైకిలు మఱుగుపడును. సీటును హ్యాండిలును కనబడక తలమాత్రమే కనబడిన శిల్పము వన్నె తగ్గునని పికాసోయే ఛాయాచిత్రకారుడగు బ్రసాయితో చెప్పియున్నాడు.

మార్సెల్ డ్యుషాంప్ 1913లో సైకిలుచక్రమును ఫోర్కుతో తలక్రిందుగ స్టూలుపై నిలిపెను. ఆ చక్రము తిరుగును గాని యెచటికిని పోదు. అది మఱియొక వస్తువు కాలేదు. ప్రయోజనమును మాత్రము విడిచెను. మొదటిది నష్టమైనను, 1951లో కూర్చిన మూడవప్రతి న్యూయార్కులోని ఆధునికకళా మ్యూజియమున దాని గౌరవమునే పొందుచున్నది. అచ్చట ప్రాణము భావమునం దున్నది. కావున ద్రవ్యపరివృత్తిని సహించును.

మార్సెల్ బ్రాయరు మార్గము వేఱు. జర్మనీదేశమున బౌహౌసు విద్యాలయమునందు 1925లో అతడు సైకిలు హ్యాండిలు వంపునుండి యూహనుగొని ఉక్కుగొట్టముతో కుర్చీని నిర్మించెను. అందు గ్రహింపబడినవి తేలికదనము, దార్ఢ్యము, వంగియు విఱుగని గుణము. కూర్చుండువానికి సైకిలు స్ఫురింప నక్కఱలేదు. గుణము సంక్రమించిన చాలును.

ఈ మూటిలో ద్రవ్యమార్పు నేమాత్రమును ఓర్వనిది వృషభశిరస్సొక్కటియే. తోలును లోహమును గల మూలకృతి పారిసులోని పికాసో మ్యూజియమున నున్నది. దానిని విడిచి కంచుప్రతిని మాత్రము చూచి తీర్పు చెప్పువారు, రాఘవపాండవీయమును పరభాషానువాదమున చదివి సూరన శ్లేషను తూచువారితో సమానులు.