ధైర్యమా, చనువా?

మా అమ్మ అమెరికా వచ్చినప్పుడల్లా పచ్చళ్ళతో బాటు తన తెలుగు బైబిల్ కూడా తెచ్చుకుంటుంది. కిందటి వేసవిలో ఒకరోజు హెబ్రీయులకు రాసిన పత్రిక నాలుగో అధ్యాయం పైకి చదువుతుంటే మా అమ్మాయి అడిగింది: "నానమ్మా, దేవుడు మంచివాడంటావుగా, ఆయన దగ్గరికి వెళ్ళడానికి ధైర్యం ఎందుకు?" అమ్మ నవ్వి ఊరుకుంది. నేను ఊరుకోలేక పుస్తకాలు తిరగేశాను.

అక్కడ, 16వ వచనంలో, 'ధైర్యము' అన్నచోట గ్రీకు మూలంలో ఉన్న మాట 'పర్రేసియా'. 'పాన్' అంటే అంతా, 'రేసిస్' అంటే పలకడం. మనసులో ఉన్నదంతా దాచకుండా చెప్పడమన్నమాట. ఈ మాటకు పేరు తెచ్చింది ఏథెన్స్ నగరం. అక్కడ సభలో లేచి మాట్లాడే హక్కు పౌరులదే.

క్రీ.పూ. 5వ శతాబ్దపు నాటకకర్త యూరిపిడిస్ 'ఫినీషియన్ స్త్రీలు'లో ఒక తల్లి, దేశం విడిచి బతికిన కొడుకును ప్రవాసంలో అన్నిటికంటే కష్టమేమిటని అడుగుతుంది. పర్రేసియా లేకపోవడమే అంటాడు. ఇది చదివి చాలాసేపు ఆగిపోయాను. వీసా మీద పనిచేసే రోజుల్లో ఒక మీటింగ్‌లో, ప్రాజెక్టు అనుకున్న తేదీకి పూర్తికాదని తెలిసీ తల ఊపి వచ్చేశాను. నాకు ధైర్యం లేదని అనుకున్నాను. అసలు ఆ గదిలో నా మాటకు చోటుందన్న నమ్మకమే లేదు.

తేడా ఇక్కడే ఉంది. ధైర్యం మనిషి లోపలి గుణం. పర్రేసియా వినేవాడి ఎదుట మనకున్న స్థానం. లేవీయకాండం 26వ అధ్యాయంలో దేవుడు ఇశ్రాయేలీయుల కాడి విరిచి, వాళ్ళను తలెత్తుకు నడిచేలా చేశానంటాడు. పూర్వపు గ్రీకు అనువాదకులు ఆ నడకకు వాడిన మాట పర్రేసియానే. అది విడుదలైన బానిసలకు దక్కిన స్థానం.

కొత్త నిబంధనలో ఈ నామవాచకం 31 సార్లు వస్తుంది. మన పాత తెలుగు అనువాదకులు దాన్ని ఒకే మాటతో నెట్టుకురాలేదు. యోహాను సువార్తలో సందర్భాన్ని బట్టి 'స్పష్టముగా', 'బహిరంగముగా', 'బాహాటముగా' అన్నారు. అపొస్తలుల కార్యములు నాలుగో అధ్యాయంలో చదువులేని పేతురు, యోహానులు అధికారుల ఎదుట మాట్లాడినప్పుడు 'ధైర్యము' అన్నారు. అక్కడ అది సరైన మాటే, ఎదుట ఉన్నవాళ్ళు శిక్షించగలవాళ్ళు కనుక.

నా పేచీ హెబ్రీయుల పత్రికతోనూ, యోహాను మొదటి పత్రికతోనూ. యోహాను పత్రిక నాలుగో అధ్యాయంలో 17వ వచనం పర్రేసియా గురించి చెబితే, 18వ వచనం ప్రేమలో భయానికి తావులేదంటుంది. భయమే లేనిచోట ధైర్యంతో పనేముంది? అక్కడ కావలసింది మన ఇళ్ళలో రోజూ వినబడే 'చనువు' అని నాకనిపిస్తుంది. ధైర్యం ఎవరికి వారు కూడగట్టుకోవాలి, చనువు మాత్రం అవతలివాళ్ళు ఇవ్వాలి. "చనువిస్తే నెత్తికెక్కుతారు" అనే నానుడి ఉన్న భాషలో దేవుడి ముందు ఆ మాట వాడటానికి అనువాదకులు జంకి ఉండవచ్చు. కానీ ఆ జంకు వల్లనే సింహాసనం మళ్ళీ దూరమైంది.

ఇదంతా అమ్మకు చెప్పాను. శ్రద్ధగా విని, "చనువు బాగానే ఉందిరా. కానీ ధైర్యం కొట్టెయ్యకు. మీ నాన్న పోయిన ఏడాది ఆ వచనంలో నాకు పనికొచ్చింది ఆ మాటే" అంది.

దానికి నా దగ్గర జవాబు లేదు. ఆమె అనుమతితో ఆ పేజీ అంచున పెన్సిల్‌తో 'చనువు' అని రాశాను. 'ధైర్యము' ఎక్కడున్నది అక్కడే ఉంది.