గడప దగ్గరి మాట: అంగన్‌వాడీ టీచర్ పనితనం

అంగన్‌వాడీ కేంద్రంలో పిల్లల చేతికి చుట్టే టేపు చూడ్డానికి ఏమంత వస్తువు కాదు. పొడుగాటి పట్టీ, మీద మూడు రంగులు, ఒక చివర కొలత కనబడే చిన్న కిటికీ. దాన్ని వాడే పద్ధతిలోనే ఉంది పనంతా. బిడ్డ ఎడమ మోచెయ్యి మడిచి, భుజం ఎముక కొస నుంచి మోచేతి కొస దాకా కొలిచి, నడిమధ్యలో పెన్నుతో గుర్తు పెట్టాలి. తర్వాత చెయ్యి చాచి కిందికి వదిలేయించి ఆ గుర్తు మీద టేపు చుట్టాలి. బిగిస్తే చర్మం నొక్కుకుపోతుంది, వదిలేస్తే కింద సందు మిగులుతుంది. రెండూ తప్పే. 12.5 సెంటీమీటర్లు, ఆపైన ఉంటే ఆకుపచ్చ. 11.5 కన్నా తక్కువైతే ఎరుపు. మధ్యలో పసుపు.

ఆరు నెలల బిడ్డకూ అయిదేళ్ల బిడ్డకూ ఒకే గీత ఎలా సరిపోతుందనే సందేహం రావాలి. ఏడాది దాటాక అయిదేళ్లు నిండేదాకా ఎత్తు, బరువు ఎంతో మారతాయి గానీ ఆ ఒక్కచోట చుట్టుకొలత పెరిగేది చాలా కొద్ది. అందుకే పుట్టినతేదీ సరిగా తెలియని బిడ్డలో కూడా పోషణలోపాన్ని ఈ టేపు పట్టిస్తుంది. బాగ్దాదులో పనిచేసిన షాకిర్, ఇంగ్లండు పిల్లల వైద్యుడు డేవిడ్ మోర్లీ కలిసి 1974లో రంగుల పట్టీని ప్రపంచానికి పరిచయం చేశారు. చదువురాని మనిషి కూడా వాడగలగాలన్నదే వాళ్ల పట్టుదల.

ఆ మోర్లీయే అంతకుముందు నైజీరియాలోని ఇమెసి-ఇలె అనే ఊళ్లో పనిచేస్తూ ఎదుగుదల చార్టుకు రూపం ఇచ్చాడు. అడ్డంగా నెలలు, నిలువుగా కిలోలు. నెలనెలా ఒక చుక్క, చుక్కకూ చుక్కకూ మధ్య గీత. మన అంగన్‌వాడీ చార్టులో ఆకుపచ్చ, పసుపు, నారింజ పట్టీలున్నాయి. చుక్క ఏ రంగులో పడిందన్నది మొదట కంటికి కనబడేది. అనుభవమున్న టీచరు చూసేది గీత నడక. పసుపులో ఉన్నా పైకి సాగుతున్న బిడ్డకన్నా, ఆకుపచ్చలోనే ఉండి మూడు నెలలుగా గీత అడ్డంగా పోతున్న బిడ్డ గురించే ఆమె ముందు కబురు పెడుతుంది. మోర్లీ తన చార్టును తల్లి దగ్గరే ఉంచేవాడు. ఇద్దరు పక్కపక్కన కూర్చుని చూస్తూ మాట్లాడుకోవడానికి పనికొచ్చే కాగితం అది. ఆ మాటలు లేకపోతే నింపిన రిజిస్టరు మాత్రమే మిగులుతుంది.

నాకు అసలు అబ్బురం ఆ మాటల కూర్పే. మధ్యాహ్నం పిల్లల్ని తీసుకెళ్లే వేళ, గడప దగ్గర, చంకలో ఇంకో బిడ్డతో నిలబడ్డ తల్లితో పది నిమిషాల్లో జరిగిపోయే సంభాషణ అది. పక్క నుంచి వింటే ఊసుపోక కబుర్లలాగే ఉంటుంది. ఏ మాట ఎందుకు ఎక్కడ పడిందో గమనిస్తే గానీ పనితనం అందదు.

మామూలుగా ఎదురయ్యే ఒక సంగతి తీసుకుందాం. మూడేళ్ల పిల్లాడు పక్కవాళ్లను కొరుకుతున్నాడు. బరువు గీత రెండు నెలలుగా కదల్లేదు. కొత్తగా చేరిన టీచరైతే, "మీవోడు బాగ కొరుకుతుండమ్మా, ఏం పెడుతున్నవ్ ఇంట్ల?" అంటుంది. ఆ ఒక్క వాక్యంలో తల్లికి రెండు నేరాలు అంటుకున్నాయి. ఇక ఆమె నోటి నుంచి నిజం రాదు. అన్నీ పెడుతున్నాననే చెబుతుంది.

చేయి తిరిగిన టీచరు మొదలుపెట్టేది వేళతో. "నిన్న, మొన్న రెండు రోజులు అన్నం పెట్టే ముందే కొరికిండమ్మా. తిన్నంక మంచిగనే ఆడుకున్నడు." ఇందులో పిల్లాడి గుణం గురించి మాట లేదు. ఎప్పుడు, దేనికి ముందు, దేని తర్వాత అన్న మూడు సంగతులే ఉన్నాయి. ఇది చెప్పాలంటే రెండు రోజులు ఆ పిల్లాడి మీద ఓ కన్నేసి ఉంచాలి. ఇరవై మంది పిల్లల మధ్య ఆ చూపు ఎంత కష్టమో తెలిసినవాళ్లకు తెలుసు.

తర్వాత ప్రశ్న. గుడ్డు పెడుతున్నావా అని అడిగితే జవాబు అవును అనే వస్తుంది, సంభాషణ అక్కడితో సరి. అందుకని ఆమె, "నిన్న పొద్దుగాల లేచినప్పటి సంది రాత్రి పండేదాక ఏమేం తిన్నడో చెప్పమ్మా" అంటుంది. పోషకాహార సర్వేల్లో వాడే ఇరవై నాలుగు గంటల ఆహార చరిత్ర ఇదే, ఇంటి మాటల్లోకి దిగింది. తల్లి ముందు "ఏం తింటలేడు టీచర్" అంటుంది. టీచరు తొందరపడదు. గడియారం ప్రకారం కాకుండా పనుల ప్రకారం రోజును నడిపిస్తుంది. లేవగానే ఏమిచ్చారు, తయారయ్యేటప్పుడు, దారిలో, కేంద్రం నుంచి వెళ్లాక, పొద్దు గూకినాక. అప్పుడు బయటపడతాయి: చాయ్‌లో ముంచిన రెండు బిస్కెట్లు, దుకాణం దగ్గర చిరుతిండి పొట్లం కొనిస్తే గానీ కదలని మొండితనం, రాత్రి ఫోన్ చూపిస్తూ పెట్టిన ముద్దలు. ఎవరి పళ్లెంలో తిన్నాడు, ఎంత మిగిల్చాడు అని కూడా అడుగుతుంది. పెద్దవాళ్ల పళ్లెంలోంచి తినే బిడ్డ ఎంత తిన్నాడో ఎవరికీ అంచనా ఉండదు మరి.

ఇప్పుడు రెండు కొసలూ కలిశాయి. పొద్దున కడుపు నింపనిదేదో పడింది, అన్నం వేళకు ఆకలి చిరాకుగా మారింది. ఆ ముడి టీచరు తాను వేయదు. "అంటే పొద్దుగాల చాయ్, బిస్కెట్, తర్వాత పొట్లం, అంతేనా?" అని విన్నదాన్నే తిరిగి చెప్పి ఆగుతుంది. చాలాసార్లు తల్లే అనేస్తుంది, "ఆకలయ్యే కొరుకుతుండేమో టీచర్" అని.

ఒక మాట చెప్పుకోవాలి. కొరికే ప్రతి పిల్లాడూ ఆకలితో కొరకడు. మాటలు ఇంకా రానివాడు కొరుకుతాడు, ఇంట్లో చెల్లి పుట్టినవాడు కొరుకుతాడు. తీపి తింటే అల్లరి పెరుగుతుందన్న నమ్మకమూ గట్టిగా ఉంది గానీ, అప్పటిదాకా జరిగిన ప్రయోగాలను కలిపి చూసిన 1995 నాటి సమీక్షలో అందుకు ఆధారం దొరకలేదు. తీపి తగ్గించడానికి పళ్లూ, ఆకలీ చాలినన్ని కారణాలు. ఇనుము సంగతి వేరు. అది తక్కువైన పిల్లలకు చిరాకు, నిలకడలేమి వస్తాయి. మట్టి, బలపాలు తినే అలవాటుకూ దానికీ చుట్టరికం ఉంది. చాయ్‌లోని టానిన్లు తిండిలో ఉన్న ఆ కాస్త ఇనుమునూ ఒంటికి సరిగా పట్టనివ్వవు. అందుకే బలపం తింటున్నాడా అని టీచరు అడగడం ఆరా తీయడం కాదు, లెక్కలో భాగం.

సలహాకు ముందు మెచ్చుకోలు ఉంటుంది. ఊరికే మంచి తల్లివి అంటే అది గాల్లో కలిసిపోతుంది. "రాత్రి అందరితోటి కూసోబెట్టి పప్పన్నం పెడుతున్నవ్ చూడు, అది మస్తు మంచిగున్నది" అంటే తల్లి ఆ పని మానదు. ఆ తర్వాతే సలహా, అదీ ఒక్కటే. చాయ్, పొట్లం, ఫోన్ అన్నీ ఒకేసారి మాన్పించాలని చూస్తే ఒక్కటీ జరగదు. "పొట్లం పొద్దుగాల కాకుండ ఇంటికి పొయ్యేటప్పుడు ఇప్పిస్తే ఎట్లుంటది?" ఆజ్ఞ కాదు, ప్రశ్న. తల్లి కాదనడానికి వీలున్న ప్రశ్న. ఆమె కాదంటుంది కూడా: "పొద్దుగాల నేనుండ టీచర్, ఏడింటికే పత్తికి పోవాలె. మా అత్తే తోలుకొస్తది." ఇదీ లాభమే. మాట ఎవరితో మాట్లాడాలో తేలింది.

ఈ కూర్పు గాల్లోంచి ఊడిపడలేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ, యూనిసెఫ్ 1993లో తల్లిపాల సలహాదారుల కోసం నలభై గంటల శిక్షణ తయారుచేశాయి. జవాబు విప్పి చెప్పించే ప్రశ్నలు, విన్నది తిరిగి చెప్పడం, తీర్పు చెప్పే మాటలు వాడకపోవడం, సరిగా చేస్తున్నదాన్ని గుర్తించడం, ఒకటి రెండు సూచనలతో ఆపడం అందులోని పాఠాలే. పాఠంగా ఇవి అరపేజీలో పడతాయి. చంకలో బిడ్డ ఏడుస్తుండగా, వెనక మరో తల్లి ఎదురుచూస్తుండగా వాటిని ఆడించడంలోనే టీచరు నేర్పు.

అత్తగారితో పని ఇంకా సున్నితం. పిల్లల్ని పెంచి పెద్దచేసిన మనిషికి పాఠం చెప్పబోతే వినదు. ఎనిమిది నెలల మనవడికి పప్పుకట్టు పోస్తున్న నానమ్మ దగ్గరికి టీచరు ఒక చెంచాతో వెళుతుంది. "అవ్వా, ఒక్కసారి ఈ గిన్నెల బువ్వ చెంచాల తీసి వొంచి చూడు." కట్టు జారిపోతుంది. అదే గిన్నెలో అన్నం, పప్పు మెదిపి, అర చెంచా నూనె వేసి మళ్లీ వంచమంటుంది. ఈసారి నిలబడుతుంది. ఆ వయసు బిడ్డ కడుపులో పట్టేది దాదాపు రెండు వందల మిల్లీలీటర్లు. నీళ్లతో నింపితే నీళ్లే, ముద్దతో నింపితే ముద్దే. ఈ లెక్క నోటితో చెప్పనక్కర్లేదు. చెంచా పట్టుకున్నది అవ్వే, తేడా చూసిందీ అవ్వే.

ఏం పెట్టాలన్నదాంతో పాటు ఎలా పెట్టాలన్నదీ లెక్కలోకి వస్తుంది. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ పరిశోధకులు, షహనాజ్ వజీర్ తదితరులు, ఉమ్మడి నల్లగొండ జిల్లాలో 60 ఊళ్లను మూడు గుంపులు చేసి చూశారు. ఒక గుంపుకు మామూలు సేవలే. రెండో గుంపు తల్లులకు ఇంటింటికీ వెళ్లి తిండి గురించి చెప్పారు. మూడో గుంపుకు తిండితో పాటు బిడ్డ ఆకలి సైగలు కనిపెట్టడం, బలవంతం చేయకపోవడం, ఆడించడం కూడా నేర్పారు. బిడ్డకు మూడో నెల నుంచి పదిహేనో నెల దాకా సాగిన ఈ ప్రయోగం ఫలితాలు 2013లో అచ్చయ్యాయి. చెప్పించుకున్న రెండు గుంపుల్లోనూ పిల్లల తిండి మెరుగుపడింది, మూడో గుంపు పిల్లలు మానసిక ఎదుగుదల పరీక్షలో ముందున్నారు. అమెరికా పోషకాహార నిపుణురాలు ఎలిన్ సాటర్ ఇదే సంగతిని పనుల పంపకంగా చెప్పింది: ఏం పెట్టాలి, ఎప్పుడు, ఎక్కడ అన్నవి పెద్దవాళ్లవి. తినాలా, ఎంత తినాలి అన్నవి బిడ్డవి. కొత్త కూర పది పదిహేను సార్లు కంచంలో కనబడితే గానీ కొందరు పిల్లలు నోట పెట్టరు. మూడోసారికే విసిగిపోయిన తల్లికి ఈ అంకె ఎంత ఊరటో!

మాటతో తీరనివీ ఉంటాయి. చేతి టేపులో ఎరుపు వస్తే, లేదా రెండు పాదాల మీద బొటనవేలితో మూడు సెకన్లు నొక్కితే గుంట అలాగే ఉండిపోతే, అది తీవ్రమైన పోషణలోపం. నీరు పట్టిన బిడ్డ బరువు బాగానే కనబడి మోసం చేస్తుంది కాబట్టి పాదాలు చూడకుండా ఏ టీచరూ చార్టును నమ్మదు. అలాంటి బిడ్డకు పాదాల వాపు గానీ వేరే జబ్బు గానీ ఉంటే, లేదా ఆకలి చచ్చిపోతే, ఆసుపత్రిలోని పోషకాహార పునరావాస కేంద్రానికి పంపాలి, తల్లి అక్కడే ఉండాలి. కేసులు తప్పిపోయేది ఇక్కడే. ఆసుపత్రి ఎందుకో వివరంగా చెప్పినా తల్లి తలూపి ఇంటికెళ్లి, వెళ్లడం మానేస్తుంది. అది తెలిసిన టీచరు జబ్బు సంగతి రెండు మాటల్లో ముగించి, ముందు అడగాల్సింది అడుగుతుంది: "నువ్వు ఆడ ఉంటే ఇంట్ల పెద్దదాన్ని ఎవరు చూసుకుంటరమ్మా?" దానికి జవాబు దొరికాకే ఆసుపత్రికి ఫోన్ చేస్తుంది.