మరునాటి కండరాల నొప్పి: మారుతున్న వ్యాఖ్యానాలు

తిరుమల కొండ మెట్లెక్కి, మళ్ళీ నడిచే దిగివచ్చిన మనిషికి ఆ రోజు ఆయాసమే తప్ప పెద్ద బాధ వుండదు. మర్నాడు పొద్దున మంచం దిగబోయేసరికి తొడలు, పిక్కలు పట్టివేస్తాయి. రెండవ రోజుకు నొప్పి ముదిరి, వారంలోగా సర్దుకుంటుంది. ఎందుకని విద్యార్థి అడిగితే "కండరాల్లో లాక్టికామ్లం పేరుకున్నది" అన్న సమాధానం తరగతి గదుల్లోను, ఆటస్థలాల్లోను ఇప్పటికీ వినబడుతూనే వున్నది. ఇది తప్పు. దీని స్థానంలోకి వచ్చిన "కండరం లోపల చిరిగింది" అన్న సమాధానం మాత్రం ఎంత గట్టిదని అడిగేవారు అరుదు.

లాక్టికామ్లానికి అంత పలుకుబడి రావడానికి కారణం లేకపోలేదు. 1907లో ఫ్లెచర్, హాప్కిన్స్ అనే శాస్త్రజ్ఞులు కేంబ్రిడ్జిలో కప్ప కండరాలపై ప్రయోగాలు చేసి, అలసిన కండరంలో ఈ ఆమ్లం చేరుతుందని చూపారు. తరువాత హిల్, మయర్‌హాఫ్‌లకు 1922 సంవత్సరపు నోబెల్ బహుమానం తెచ్చినదీ కండరాలలోని వేడి, లాక్టికామ్లం గురించిన కృషియే. అయితే వారు చెప్పినది అలసటను గురించి. మరునాటి నొప్పిని గురించి కాదు. ఈ రెంటినీ కలిపివేసినది లోకం. వ్యాయామం ఆపిన గంట, గంటన్నరలో రక్తంలోని లాక్టేటు మామూలు స్థాయికి వచ్చేస్తుంది. నొప్పి మొదలయ్యేది ఆ తరువాత ఎన్నో గంటలకు. 1983లో ష్వేన్ తోటివారితో కలిసి చేసిన పరీక్ష ఈ విషయం తేల్చింది. సమతలం మీద పరుగెత్తినవారికి లాక్టేటు పెరిగింది, నొప్పి రాలేదు. పల్లానికి పరుగెత్తినవారికి లాక్టేటు పెరగలేదు, నొప్పి వచ్చింది. ఇంతకంటె తేటగా చెప్పే ప్రయోగం ఈ రంగంలో మరొకటి దొరకడం కష్టం.

పల్లంలో విశేషమేమి? దిగేటప్పుడు శరీరం బరువును ఆపడానికి తొడ ముందు కండరం బిగిసివుంటుంది. అదే సమయంలో మోకాలు వంగుతున్నందున సాగుతుంది కూడ. బిగిసిన కండరాన్ని లాగి సాగదీయడమన్నమాట. కండర తంతువులో సార్కోమియర్లనే ఖండాలు వరుసగా వుంటాయి. ఒక్కొక్కటి మిల్లీమీటరులో సుమారు నాలుగు వందల యాభయ్యవ వంతు. రెండు కొసలా జెడ్ గీతలు, వాటి మధ్య ఒకదానిలోకి ఒకటి జారే ఆక్టిన్, మయోసిన్ పోగులు. సాగదీతలో బలహీనమైన ఖండాలు ముందుగా తెగుతాయన్న ఊహ సహజమే. 1902లోనే అమెరికాలో థియొడోర్ హఫ్ ఈ నొప్పికి కండరంలోని చీలికలు కారణమని ప్రతిపాదించాడు. 1981లో స్వీడన్‌లో ఫ్రిడేన్ బృందం, మెట్లు దిగినవారి పిక్క నుండి సూదితో ముక్క తీసి, ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శిని కింద చూస్తే జెడ్ గీతలు చెదరి, అలికినట్లు కనిపించాయి. ఈ బొమ్మ పాఠ్యగ్రంథాలకెక్కింది. గాయం రుజువైనదనే అందరూ అనుకున్నారు.

ఇక్కడే ఒక చిక్కు. లీబర్, థార్నెల్, ఫ్రిడేన్‌లు 1996లో కుందేలు కండరాన్ని బిగించి సాగదీస్తూ పోతే, పదిహేను నిమిషాలలోపే జెడ్ గీతలను ఒకదానితో ఒకటి కలిపే డెస్మిన్ అనే మాంసకృత్తు కొన్ని తంతువులలో మాయమైంది. 2002లో యూ, మాల్మ్, థార్నెల్‌లు మనుషుల కండరంలో వెదికితే డెస్మిన్ నష్టమూ కనబడలేదు, తంతువుల నాశనమూ కనబడలేదు. చెదరిన చోట్లు గాయాలు కావు, కొత్త సార్కోమియర్లు చేరుతున్న నిర్మాణస్థలాలు కావచ్చునని యూ, థార్నెల్‌లు ఆ తరువాత వాదించారు. రెండు పత్రాలలోనూ థార్నెల్ వుండడం గమనించవలసిన విషయం. తాను పాల్గొన్న పాత పనినే ప్రశ్నించడానికి జంకని శాస్త్రజ్ఞుడు మెచ్చదగినవాడు.

కుందేలు ప్రయోగంలో మత్తులోని జంతువును విద్యుత్తుతో బిగించారు. మనిషి తన ఇష్టం మీద దిగుతాడు, నొచ్చితే ఆగుతాడు. మొదటిదాని ఫలితాన్ని రెండవదానికి అంటగట్టడం తొందరపాటే. అలాగని కొత్త వ్యాఖ్యానం అన్నిటినీ విప్పలేదు. మెట్లు దిగిన వెంటనే, నొప్పి ఇంకా లేనప్పుడే, కండరం బలం తగ్గుతుంది. దీనికి నిర్మాణస్థలం జవాబు కాదు. తంతువులో కాల్షియం విడుదల దెబ్బతినడం ఒక కారణమని చిట్టెలుకలపై పరిశోధనలు చెబుతున్నాయి. నొప్పి సంగతి వేరు. 2010లో జపాన్‌లో మురాసె, మిజుమురా ప్రభృతులు ఎలుకలలో బ్రాడికినిన్, నాడీ వృద్ధికారకం అనే పదార్థాలు కండరపు నాడులను సున్నితం చేస్తాయని చూపారు. తంతువులు పాడైన జాడ లేకపోయినా ఇలా జరగవచ్చునని ఆ వరుసలోని తరువాతి పరిశోధనల వలన తెలుస్తున్నది. అంటే చెదరిన గీత, తగ్గిన బలం, పుట్టిన నొప్పి ఒకే సంఘటనకు మూడు పేర్లు కాకపోవచ్చును.

ఈ పరిశోధనలన్నిటికీ అడుగున వున్న లోపం సూదిది. కిలో బరువుండే తొడ కండరం నుండి వేరుశనగ గింజంత ముక్క తీసి, అందులోనూ అతి పలుచని పొర చూసి మొత్తానికి తీర్పు చెబుతున్నారు. పైగా సూది గుచ్చడమే అక్కడ వాపు పుట్టించగలదు; కనుక నడవని మనిషి నుండి అదే విధంగా తీసిన ముక్క పక్కన లేకపోతే ఏ బొమ్మనూ నమ్మడానికి వీలులేదు. అన్నిటికంటె పెద్ద అడ్డంకి ఒకటున్నది: ఇలా కోసి తీసిన తంతువును మళ్ళీ వారం తరువాత చూడడం సాధ్యం కాదు. నేడు చెదరినది రేపు పెరిగిందా, లేక మానిందా అన్నది ఈ పద్ధతిలో ఎప్పుడూ వేరొక తంతువును చూసి ఊహించవలసిందే.