అవతలి మనిషి ఎత్తు వేయకపోతే

ఆన్‌లైన్ చదరంగంలో ఓటమి కంటే ఎక్కువగా మనసు విసిగించేది నిరీక్షణ. గెలుపు నాలుగెత్తుల దూరంలో ఉంటుంది. అవతలి ఆటగాడు ఎత్తు వేయడు, ఓటమి ఒప్పుకోడు. ఉన్నాడో వెళ్లిపోయాడో తెలియదు. అతని గడియారంలో ఇంకా పన్నెండు నిమిషాలుంటాయి. గుంటూరు బ్రాడీపేట అడ్డరోడ్లలో హాస్టల్ గదిలో కూర్చుని ఫోన్‌లో ఆడే కుర్రవాడికి ఇది కొత్త కాదు. అదే కుర్రవాడు ఎండాకాలంలో ఒక సాయంత్రం కరెంటు పోయి, వైఫై ఆగిపోయి, గెలిచే ఆటను పోగొట్టుకుంటాడు. నిన్న నష్టపోయినవాడు ఇవాళ అవతలివాడి లెక్కలో పారిపోయినవాడు. ఇద్దరికీ న్యాయం చేయాల్సింది ఒకే నిబంధన. అందుకే దాన్ని రాయడం కష్టం.

చదరంగం ఈ చిక్కుతో నూట డెబ్భై ఏళ్లుగా కుస్తీ పడుతోంది. 1851లో లండన్‌లో జరిగిన తొలి అంతర్జాతీయ టోర్నమెంటులో కాలపరిమితి లేదు. ఎలైజా విలియమ్స్ ఒక్కో ఎత్తుకు అంతులేకుండా ఆలోచిస్తున్నాడని తోటి ఆటగాడు హోవర్డ్ స్టాంటన్ గగ్గోలు పెట్టాడు. 1860ల తొలినాళ్లలో ఇసుక గడియారాలు వచ్చాయి. 1883 లండన్ టోర్నమెంటుకు మాంచెస్టర్‌వాడైన థామస్ బ్రైట్ విల్సన్ రెండు గడియారాలను ఒకే దూలం మీద బిగించిన పరికరం అందించాడు. ఒకటి నడిస్తే రెండోది ఆగుతుంది. ఆ రోజు నుంచి గడియారం అడిగేది ఒకటే: ఎవరి వంతులో ఎంత కాలం గడిచింది? ఎందుకు గడిచిందని అడగదు. ఆలోచిస్తున్నాడా, నిద్రపోతున్నాడా, కావాలనే విసిగిస్తున్నాడా అని తేల్చే భారం ఎవరి మీదా పెట్టదు. మనిషి మనసులోని ఉద్దేశాన్ని ఊహించకుండా కాలాన్ని మాత్రమే కొలవడం చదరంగం కనిపెట్టిన గొప్ప ఉపాయమని నా నమ్మకం.

అయితే కొలిచే తీరులో తేడాలున్నాయి. బాబీ ఫిషర్ పేటెంట్ తీసుకుని, 1992లో స్పాస్కీతో ఆడిన మ్యాచ్‌లో వాడిన గడియారం ప్రతి ఎత్తుకూ కొన్ని సెకన్లు కలుపుతుంది. దీన్ని సాధారణంగా చివర్లో హడావుడి తగ్గించే సదుపాయంగానే చెబుతారు. నాకు అంతకంటే విలువైనదిగా కనిపించేది వేరే ఉంది. ఒక ఆటగాడికి ముప్ఫై నిమిషాలు ఒక్కసారే ఇచ్చామనుకోండి. ఓడిపోయే స్థితి రాగానే అతను మిగిలిన ఇరవై నిమిషాలూ ఊరికే కూర్చోగలడు. అదే పది నిమిషాలిచ్చి, ఎత్తుకు ముప్ఫై సెకన్లు కలిపితే? నలభై ఎత్తులకు దక్కే మొత్తం కాలం అదే ముప్ఫై నిమిషాలు. కానీ ఏ క్షణంలోనైనా చేతిలో ఉండే నిల్వ తక్కువ. ఎత్తు వేస్తూ ఉన్నవాడికే కాలం పెరుగుతుంది. వేయనివాడు కాలయాపన చేద్దామన్నా చేతిలో ఎక్కువ ఉండదు. ఎదురుచూసేవాడి బాధ శిక్షల వల్ల కాకుండా గడియారం అమరికతోనే తగ్గిపోతుంది.

ఉత్తరాల చదరంగానిది మరో లోకం. 1951లో ఏర్పడిన అంతర్జాతీయ ఉత్తరాల చదరంగ సమాఖ్య ఆటల్లో పది ఎత్తులకు యాభై రోజులు ఇవ్వడం ఆనవాయితీ. ఒకే ఎత్తుకు ఇరవై రోజులు దాటితే, ఆ పైన గడిచిన ప్రతి రోజునూ రెండుగా లెక్కించే పద్ధతి అక్కడ ఉంది. ఒక్కసారిగా వేటు వేయదు, కానీ మౌనం ధర క్రమంగా పెంచుతుంది. ముందే చెప్పి సెలవు తీసుకునే వీలు కూడా ఉంది. పరీక్షలున్నాయనో, ఇంట్లో పెళ్లి ఉందనో చెప్పి వెళ్లినవాడినీ చెప్పకుండా మాయమైనవాడినీ ఒకే గాటన కట్టకుండా చూసే పద్ధతి అది. ఇవాళ ఎత్తుకు మూడు రోజులో ఏడు రోజులో గడువు పెట్టి ఫోన్లలో సాగే నిదానపు ఆటలు దాని వారసత్వమే.

వేగంగా ఆడే వెబ్‌సైట్లు దీనికి మరికొన్ని మెట్లు కట్టాయి. తొలి ఎత్తే వేయకపోతే ఆట రద్దు, రేటింగ్ ఎవరికీ మారదు. ఆట మధ్యలో అవతలివాడి కనెక్షన్ తెగిపోతే, లిచెస్ సైటులో కొంతసేపు ఎదురుచూశాక మిగిలినవాడికి ఎంచుకునే హక్కు వస్తుంది: గెలుపు తీసుకోవచ్చు, డ్రా తీసుకోవచ్చు, ఇంకా ఆగవచ్చు కూడా. ఆ మూడో దారి ఉంచడం నాకు ఎంతో నచ్చుతుంది. దయ చూపే అవకాశం యంత్రానికి కాకుండా ఎదురుచూసిన మనిషికి ఇచ్చారు. పదేపదే ఆట వదిలి వెళ్లేవాళ్లను కొంతకాలం ఆడనివ్వరు. ఒకసారి తెగితే దురదృష్టం, అలవాటైతే వేరే సంగతి. కాలం అయిపోయినా అవతలివాడి దగ్గర రాజు ఒక్కటే మిగిలి ఉంటే ఆట డ్రా అనే పాత నియమం కూడా ఇక్కడ పనిచేస్తుంది. ఎలా ఆడినా గెలవలేనివాడికి గడియారం గెలుపు ఇవ్వకూడదు కదా.

ఇంత చేసినా, నిబంధన చేతులెత్తేసే రోజు వస్తుంది. 2020లో కరోనా కారణంగా ప్రపంచ చదరంగ సమాఖ్య ఫిడే తొలిసారి ఆన్‌లైన్ ఒలింపియాడ్ జరిపింది. ఆటకు పదిహేను నిమిషాలు, ఎత్తుకు ఐదు సెకన్లు. గుంటూరులో పుట్టిన పెంటేల హరికృష్ణ, ద్రోణవల్లి హారిక ఇద్దరూ భారత జట్టులో ఉన్నారు. కోనేరు హంపి కూడా ఉంది. క్వార్టర్ ఫైనల్లో ఆర్మేనియాతో తొలి మ్యాచ్‌ను భారత్ 3.5–2.5తో గెలిచింది. అందులో మన నిహాల్ సరిన్‌తో ఆడుతున్న హైక్ మార్తిరోస్యాన్‌కు కనెక్షన్ తెగి కాలం అయిపోయింది. ఆర్మేనియా అప్పీలు చేస్తే తోసిపుచ్చారు. ఆ జట్టు పోటీ నుంచే తప్పుకుంది.

ఆగస్టు 30న రష్యాతో ఫైనల్. మొదటి మ్యాచ్ 3–3. రెండో మ్యాచ్ సాగుతుండగా ప్రపంచవ్యాప్తంగా ఇంటర్నెట్‌కు పెద్ద అంతరాయం కలిగింది. క్లౌడ్‌ఫ్లేర్ అనే నెట్‌వర్క్ సంస్థ ద్వారా నడిచే ఎన్నో సైట్లు అందకుండా పోయాయి. ఈసారి తెగింది మనవాళ్లకు. నిహాల్, దివ్యా దేశ్‌ముఖ్ కాలం అయిపోయి ఓడిపోయారు. భారత్ అప్పీలు చేసింది. చివరికి ఫిడే అధ్యక్షుడు అర్కాదీ ద్వోర్కోవిచ్ రెండు జట్లకూ స్వర్ణం ప్రకటించారు.

ఆ స్వర్ణం చూసి మనం సంతోషించాం, అది సబబే. కానీ ఆ సంతోషంలో ఆర్మేనియాను మరచిపోవడం నాకు ఇష్టం లేదు. రెండు తీర్పుల మధ్య తేడాను సమర్థించవచ్చు: ఒక ఆటగాడి కనెక్షన్ అతని బాధ్యత, లోకమంతటి నెట్‌వర్కు కూలిపోవడం ఎవరి బాధ్యతా కాదు. తర్కం గట్టిదే. అయితే ఒకరికి ఆట పోయాక, మరొకరికి పతకం ముంగిట తర్కం చెప్పడం కంటే, ఆ గీత మొదటి ఎత్తుకు ముందే గీసి ఉంటే ఓడినవాడికి కూడా తల ఊపడం తేలికయ్యేది. ఫిడే ఆ తర్వాత ఆన్‌లైన్ ఆటకు విడిగా నిబంధనలు చేసింది.

ఇద్దరి ఆటలో ఒకరు మాయమైతే నష్టం రెండోవాడికే. ఎక్కువమంది ఆడే వ్యూహక్రీడల్లో అది అందరి ఆటనూ చెడగొడుతుంది. యూరప్ పటం మీద ఏడుగురు ఆడే డిప్లొమసీలో ఆజ్ఞలు పంపని దేశపు సేనలు ఉన్నచోటే నిలబడిపోతాయి. దాని పొరుగుదేశం వాడికి ఉచితంగా భూమి దొరుకుతుంది, అవతలి అంచున ఉన్నవాడికి ఏమీ దొరకదు. ఇలాంటి చోట ఖాళీ కుర్చీలో మరో మనిషిని కూర్చోబెట్టడమే మంచిది, కుదరకపోతే కంప్యూటర్‌ను. మన పదమూడు ముక్కల రమ్మీలో, పందెం సంగతి పక్కనపెడితే, మరో మంచి పద్ధతి ఉంది. మొదట్లోనే డ్రాప్ చేస్తే ఇరవై పాయింట్లు, మధ్యలో అయితే నలభై. వెళ్లేవాడికి ఎంత పోతుందో ముందే తెలుసు, మిగిలినవాళ్ల ఆట ఆగదు.

పిల్లలకు ఆన్‌లైన్ టోర్నమెంట్లు పెట్టే మన ఊరి అకాడమీలకు, బడులకు నేను చెప్పదలచుకున్నది ఇక్కడే ఉంది. ప్రకటన కాగితం మీద బహుమతుల జాబితా కింద నాలుగు వాక్యాలు చేర్చండి. కనెక్షన్ తెగితే గడియారం ఆగదని. ఎత్తుకు పది సెకన్లయినా కలుపుతామని. నిర్వాహకుల సైటు లేదా సర్వర్ ఆగి ఒకేసారి చాలా బోర్డులు తెగితే ఆ రౌండు మళ్లీ ఆడిస్తామని. ఫిర్యాదు ఎన్ని నిమిషాల్లోగా, ఏ ఫోను నంబరుకు చేయాలో, నిర్ణయం ఎవరిదో. కరెంటు పోయే వేళలు మనకు తెలుసు గనుక, రౌండ్లను ఆ వేళలు తప్పించి పెట్టడం ఇంకా మేలు.