పదకొండు నుంచి ఇరవై దాకా

నెలలో 11వ తేదీ దాటిందంటే రేణిగుంటలో ఏ అకౌంట్స్ ఆఫీసులోనూ పలకరించే తీరిక ఉండదు. బీకాం ఇంటర్న్‌లు పనికొస్తారో లేదో ఆ పది రోజుల్లోనే తేలిపోతుంది.

నెలనెలా రిటర్నులు వేసే వ్యాపారి 11లోగా తన అమ్మకాలను జీఎస్టీఆర్-1లో చూపాలి. ఆ బిల్లుల జాబితా, అంటే జీఎస్టీఆర్-2బి, కొన్నవాళ్లకు 14న వస్తుంది. 20లోగా పన్ను కట్టి జీఎస్టీఆర్-3బి వేయాలి. ఈ సందులో మన ఫైల్లోని బిల్లులన్నీ 2బిలో ఉన్నాయా అని ఒక్కొక్కటీ సరిచూడాలి. హార్డ్‌వేర్ షాపుకు చెన్నై సరుకు వచ్చిందనుకోండి. అమ్మినవాళ్ల జీఎస్టీ నంబరు 33తో మొదలైతే తమిళనాడు, ఐజీఎస్టీ పడుతుంది. 37 అయితే మన ఆంధ్రప్రదేశే, సీజీఎస్టీ, ఎస్‌జీఎస్టీ చెరిసగం. ఇంతవరకూ క్లాసులో చెప్తారు. చెన్నై ఆయన ఆ బిల్లు ఎక్కించడం మరిచిపోతే? ఇక్కడి షాపాయనకు ఆ నెల క్రెడిట్ రాదు, ఆ మేరకు పన్ను చేతి నుంచి కట్టుకోవాలి. అప్పుడు ఫోన్ చేసి, తగవు పెట్టుకోకుండా, సాయంత్రంలోగా పని జరిపించాలి. అదీ నేర్చుకోవాల్సిన విద్య. మా వైపు పిల్లల్లో చాలామందికి తమిళం వచ్చు, ఆ బలం వాళ్లకే తెలియదు!

మన రాష్ట్రంలో 2020-21 నుంచి డిగ్రీలో పది నెలల ఇంటర్న్‌షిప్ తప్పనిసరి చేశారు. మంచి పని. కానీ సర్టిఫికెట్ కోసం పేరు రాయించుకుని ఇంట్లో కూర్చునేవాళ్లూ ఉన్నారు. ఇంటర్వ్యూలో 'బ్యాంకు స్టేట్‌మెంటుకూ మీ లెడ్జరుకూ తేడా ఎక్కడొచ్చింది?' అని ఒక్క ప్రశ్న వేస్తే చాలు, బండారం బయటపడుతుంది. సీఏ చదివేవాళ్లు ఆఫీసులో పని నేర్చుకునే ఆర్టికల్‌షిప్‌ను 2023లో మూడేళ్ల నుంచి రెండేళ్లకు తగ్గించారు. తగ్గించారేగానీ తీసేయలేదు, ఎందుకో ఆలోచించండి.

రేణిగుంట, వికృతమాల ఎలక్ట్రానిక్స్ ఫ్యాక్టరీలకు విదేశీ విడిభాగాలు దిగుతాయి. సరుకు రవాణాకు వాడే ఈ-వే బిల్లు, దిగుమతికి వాడే బిల్ ఆఫ్ ఎంట్రీ ఒకసారైనా చేతిలో పట్టుకుని చూసిన కుర్రాడికి అక్కడ మాట్లాడటానికి ఏదో ఒకటి ఉంటుంది.

సెమిస్టరంతా సాగే ఇంటర్న్‌షిప్ ఐదో సెమిస్టరులోనా ఆరులోనా అని అడిగితే, వీలుంటే ఆరులోనే అంటాను. ఏడాది లెక్కలు ముగిసే మార్చి 31 అందులో పడుతుంది. స్టాకు లెక్క, తరుగుదల, రావలసినవీ ఇవ్వవలసినవీ అన్నీ ఒక్కసారే మీద పడతాయి. ఆ రోజు మటుకు సెలవు పెట్టకండి.