పాత పటము – చెరువు హద్దు

అమెరికాలోని టెక్సాస్ విశ్వవిద్యాలయానికి చెందిన పెర్రీ-కాస్టానెడా గ్రంథాలయపు పటాల భాండాగారం పేరుపొందినది. అందులోని పాత పటాలను ఎవరైనను అంతర్జాలంలో ఉచితంగా చూడవచ్చును. అమెరికా సైనిక పటశాఖ 1955 నుండి వెలువరించిన భారత, పాకిస్తాన్ పటాల శ్రేణి 'యు 502' కూడ అక్కడ ఉన్నది. హైదరాబాదుకు ఉత్తరాననున్న మేడ్చల్, శామీర్‌పేటల పూర్వస్థితిని తెలిసికొనుటకు ఈ శ్రేణి ఎంతవరకు అక్కరకు వచ్చును?

దీని గుణం స్పష్టమే. మేడ్చల్ మీదుగా మన్మాడ్‌కు పోవు రైలుమార్గం, శామీర్‌పేట మీదుగా కరీంనగర్‌కు పోవు బాట, వాటి నడుమ చెరువులు, వాగులు – వీటి పరస్పర స్థితి ఒక్క చూపులో బోధపడుతుంది. ఔటర్ రింగు రోడ్డు రాకముందటి నేలతీరు ఇది.

లోపాలు మూడు. మొదటిది పేర్లకు సంబంధించినది. పత్రాలకు పెద్ద పట్టణాల పేర్లే పెట్టినారు. మేడ్చల్ సుమారు 17.6 డిగ్రీల ఉత్తర అక్షాంశం, 78.5 డిగ్రీల తూర్పు రేఖాంశం దగ్గర ఉన్నదని ఎరిగినవారే సరియైన పత్రాన్ని వెదకి తీయగలరు. గ్రామనామాల సూచిక ఉండిన సామాన్య పాఠకునికి ఈ శ్రమ తప్పును.

రెండవది కాలం. ఈ పత్రాలలో అనేకం సర్వే ఆఫ్ ఇండియా వారి పూర్వపు పటాల ఆధారంతో కూర్చినవి. కావున అచ్చయిన సంవత్సరం వేరు, నేలను కొలిచిన సంవత్సరం వేరు. అంచున ఉన్న వివరణ చదువక పటాన్ని నమ్మరాదు.

మూడవది అన్నిటికన్న ముఖ్యం: స్కేలు. ఇది 1:2,50,000. పటంపై ఒక మిల్లీమీటరు నేలపై 250 మీటర్లు; అర మిల్లీమీటరు గీత 125 మీటర్ల నేలను కప్పివేయును. అంత వెడల్పులో ఒక కాలనీయే ఇముడును! పైగా దక్కను చెరువు ఏడాది పొడవునా ఒకే తీరున ఉండదు. వర్షాలకు నిండి అలుగు పారును. వేసవిలో కుంచించుకొని శిఖం భూమి బయటపడును. నీలిరంగు అంచు నిండు నీటిమట్టమా, కొలిచిననాటి నీరా?

నగరం పెరిగి భూమి విలువ హెచ్చిన ఈనాడు చెరువు హద్దుల తగాదాలలో పాత పటాలను సాక్ష్యంగా చూపుట పరిపాటి అయినది. ఇక్కడ చెరువు ఉండెనని చెప్పుటకు ఈ పటం మంచి సాక్షి. హద్దురాయి ఎక్కడ నాటవలెనో మాత్రం ఇది చెప్పజాలదు. అందుకు పెద్ద స్కేలుపై గీచిన గ్రామ నక్షా, టిప్పన్, అలుగు ఎత్తును బట్టి నేలపై కొలిచిన నిండు నీటిమట్టం కావలెను. రెంటినీ పక్కపక్కన పెట్టి చూచినవారికే పాత పటం నిజంగా ఉపకరించును.